నూట పదహార్ల కవరు

"అన్నా, సంతకం పెట్టకముందు ఐదో లైను జదువు."

గొడవంతా ఈ ఒక్క మాటతో మొదలైంది.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియా రోడ్డు. జులై మొదటి వారం. మధ్యాహ్నం రెండు గంటలకు మొదటి షిఫ్టు వదిలారు. సన్నగా వాన. తారామణి జిరాక్స్ షాపు ముందు బ్యాంకు పేరున్న పెద్ద గొడుగు పాతి, దాని కింద ఒక కుర్రాడు క్రెడిట్ కార్డులు అమ్ముతున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ట్యాగు, చేతిలో ట్యాబ్. ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చిన ఒక కార్మికుడు ట్యాబ్ మీద వేలితో సంతకం గీకబోతుంటే, షాపు లోపల బల్ల వెనక కూర్చున్న అమ్మాయి ఆ మాట అంది.

కార్మికుడు వేలు వెనక్కి తీసుకున్నాడు. ఐదో లైనులో ఏముందని అడిగాడు. టైముకు కట్టకపోతే నెలకు మూడున్నర శాతం మిత్తి అని, ఏడాదికి లెక్కేస్తే నలభై రెండని ఆమె కూర్చున్న చోటి నుంచే చెప్పింది. ఆయన ట్యాబ్‌ను ఒకసారి, కుర్రాణ్ని ఒకసారి చూసి, టిఫిన్ డబ్బా చంకలో ఇరికించుకుని వానలో వెళ్లిపోయాడు.

కుర్రాడు షాపులోకి వచ్చాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎవరండీ మీరు?"

"బోర్డు జదువు."

బోర్డు చదివాడు. 'కాగితం చదివి చెప్పబడును. ఇన్సూరెన్సు, లోను, పీఎఫ్, చిట్టీ. సంతకం పెట్టకముందే రండి. ఫీజు రెండు వందలు.'

"రోజుకు మూడు కార్డులండీ నా టార్గెట్. రెండయ్యాయి. మూడోది మీరు తినేశారు."

"నాకు తొమ్మిది రోజులసంది బోణీ గూడ గాలె. నీకు రెండైనయి గద. ఇంటికి వోయి పండు."

జిరాక్స్ మిషన్ దగ్గర తారామణి ముసిముసిగా నవ్వింది. పన్నెండేళ్లుగా షాపు నడుపుతోంది. కాపీ నల్లగా వచ్చిందని తప్ప ఇంకోదానికి అక్కడ ఎవరూ కొట్లాడలేదట.

ఆ అమ్మాయి పేరు గౌతమి. ఇరవై ఆరేళ్లు. ఉప్పల్‌లో అద్దాల బిల్డింగులో నాలుగేళ్లు పనిచేసింది. ముఖం ఎరగని మనుషుల ఫండ్ల కాగితాలు, పాలసీ కాగితాలు లైను లైను సరిచూసే పని. మే నెలలో ఒక మంగళవారం, పదకొండు నిమిషాల వీడియో కాల్‌లో నూట నలభై మందిని తీసేశారు. దానికి రైట్ సైజింగ్ అని పేరు పెట్టారు. ఎవరి సైజు కోసం ఎవర్ని కోశారో చెప్పలేదు. అందరి మైకులూ వాళ్లే మ్యూట్‌లో పెట్టారు, ఏడిస్తే వినపడకుండా. పన్నెండో నిమిషానికి ఆమె కంప్యూటర్ ఆమెను గుర్తుపట్టడం మానేసింది.

ఆ వారం ఇంట్లో ఖాళీగా కూర్చోలేక, తండ్రి హన్మయ్య బీరువాలో దాచిన కాగితాలన్నీ తీసి చదివింది. ఆలేరు నుంచి వచ్చి నాచారంలో ఇరవై ఎనిమిదేళ్లుగా లేత్ మిషన్ మీద నిలబడ్డ మనిషి ఆయన. మూడు చోట్ల మోసపోయాడు. మూడింటి మీదా ఆయన సంతకమే ఉంది. ఆయన ఒక్కటీ చదవలేదు. ఎవరూ చదివి చెప్పలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం ప్రతి ఒక్కడూ పెన్సిల్‌తో గుర్తు పెట్టి మరీ చూపించాడు.

అప్పుడే ఈ బల్ల ఆలోచన పుట్టింది. డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పాలంటే పరీక్ష రాయాలి, లైసెన్సు కావాలి. దానికి చదువుతోంది. అందాకా, మీ చేతిలో ఉన్న కాగితం ఏమంటుందో అది మాత్రం చెబుతానంది. ఒకటే పద్ధతి. మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా, పేర్లూ తేదీలూ చీమల్లాంటి అక్షరాలూ ఏదీ వదలకుండా పైకి చదవాలి.

హన్మయ్య వద్దనలేదు. వినాయక చవితి దాకా చూడమన్నాడు. ఆ లోపు బల్ల అద్దె, దాని మీద నాలుగు పైసలు రాకపోతే ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో చేరాలి. సూపర్‌వైజర్‌తో మాట్లాడి పెట్టాడు. పద్నాలుగు వేల జీతం. గేటు దగ్గర గాజు కిటికీ వెనక కూర్చుని ఎవరు ఎన్ని నిమిషాలు లేటో రాసుకునే పని. గౌతమికి ఆ కిటికీ తలుచుకుంటేనే ఊపిరాడేది కాదు.

గొడుగు కుర్రాడి పేరు అనిరుధ్. మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. వాన పెద్దదైతే షాపులోకి వచ్చి నిలబడేవాడు. ఊరికే నిలబడటం మొహమాటమై ముగ్గురికీ టీ తెప్పించేవాడు. గౌతమి తాగేది, థాంక్స్ చెప్పేది కాదు. అతను మేడమ్ అనేవాడు. ఆమె బ్యాంకాయన అనేది. ప్రతి మాటకూ అండి తగిలిస్తున్నాడని, ఆ అండీలు తీసేస్తే రోజుకు ఇంకో కార్డు అమ్ముకునేంత టైము మిగులుతుందని ఏడిపించేది. గుంటూరు నుంచి వచ్చి నలభై ఏళ్లయినా మా ఇంట్లో ఎవరూ మానలేదండీ అనేవాడు.

జనం రాకపోలేదు. వచ్చేవాళ్లు. అరగంట కూర్చోబెట్టి చదివించుకునేవాళ్లు. సల్లగుండు బిడ్డా అని లేచి పోయేవాళ్లు. ఫీజు అంటే మాటక్కూడా పైసలా అని నిజంగానే ఆశ్చర్యపోయేవాళ్లు. ఒకాయన అరకిలో బీరకాయలిచ్చాడు.

ఆ బీరకాయల రోజున అనిరుధ్ నోరు తెరిచాడు.

"మీ బోర్డు మీద తప్పుంది మేడమ్."

"ఏం తప్పు?"

"ఫీజు అని రాశారు. ఫీజంటే బేరమాడతారు. ముహూర్తం పెట్టినందుకు పంతులుగారికి నూట పదహార్లిస్తారు. నూరు చేసుకోమని ఎవరైనా అడిగారా?"

గౌతమికి ఒళ్లు మండింది. "నేను పంతుల్నా? లగ్గాలు పెడుతున్ననా ఈడ?"

"ఆయన రాబోయేది చెబుతారు. మీరు నెత్తి మీదకు వచ్చేసింది చెబుతారు. ఇద్దరూ బతకాలిగా."

ఆ సాయంత్రం లాలాపేట్ మార్కెట్‌లో పెళ్లిళ్లలో చదివించే కవర్లు కొనుక్కొచ్చాడు. పసుపుపచ్చ కవర్లు. మూల మీద అంటించిన రూపాయి బిళ్ల, కింద 'శుభాకాంక్షలతో' అని అచ్చు, దాని పక్కన పేరు రాసుకోవడానికి చుక్కల గీత. పది ఉన్నాయి. తొమ్మిది బల్ల మీద పెట్టి ఒకటి జేబులో పెట్టుకున్నాడు.

"అదేంది, ఒకటి దాసుకుంటున్నవ్?"

"నేనూ ఎప్పుడో మీ దగ్గరికి కాగితం తెచ్చుకుంటాను. అప్పటికి."

గౌతమి వారం రోజులు ఆ కవర్లను తిట్టింది. ఆచారం పేరు చెబితే తప్ప పనికి విలువ కట్టని జనాన్ని తిట్టింది. ఎనిమిదో రోజు బోర్డు మీద ఫీజు కొట్టేసి నూట పదహార్లు అని రాసింది. ఆ మధ్యాహ్నమే ఒక వెల్డర్ లోను కాగితం చదివించుకుని, కవరు అడిగి, అందులో నూట పదిహేను పెట్టి రెండు చేతులతో ఇచ్చాడు. బిళ్లతో కలిపి లెక్క సరిపోయింది. బేరం లేదు. పైగా దండం పెట్టాడు. గౌతమికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నెలాఖరుకు పసుపు కవర్లు తొమ్మిదీ అయిపోయాయి. తారామణి గులాబీ రంగువి తెప్పించి, కవరు ఐదు రూపాయలకు తనే అమ్మడం మొదలుపెట్టింది.

ప్రేమ ఎట్లా పుడుతుందో రాయడానికి పూలు, వెన్నెల తెచ్చుకునేవాళ్లు తెచ్చుకోనీ. వీళ్ల దగ్గర అవి లేవు. లామినేషన్ మిషన్ కాలిన వాసన, తడిసిన చెప్పులు, ఇద్దరూ సగం సగం తిన్న సమోసా ఉన్నాయి. ఆమె పైకి చదువుతుంటే గొడుగు కింద అతను ట్యాబ్ ఆపేసి వినేవాడు. విన్నాడని ఆమెకు తెలిసేది. గొంతు కొంచెం పెంచేది. అంతే.

సాయంత్రం ఆరింటికి మాత్రం అతని ముఖం మారిపోయేది. బ్యాంకు వాళ్ల కాన్ఫరెన్స్ కాల్. నలభై మంది వింటుండగా ఒక్కొక్కరి పేరూ, అమ్మిన సంఖ్యా పైకి చదివేవాళ్లు. తక్కువ అమ్మినవాణ్ని ఎందుకు బతికున్నావన్నంత పనిచేసేవాళ్లు. అతను రోడ్డు మీద నిలబడి, చెవి దగ్గర ఫోను పెట్టుకుని, యెస్ సర్, యెస్ సర్ అంటుంటే గౌతమి తల దించుకునేది. అతను బ్యాంకు ఉద్యోగి కూడా కాదు. ఎవడో మనుషుల్ని సప్లై చేసే కాంట్రాక్టర్ కింద జీతం. హబ్సిగూడలో అతని తండ్రి, సైన్సు ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషి, మావాడు బ్యాంకు ఆఫీసరని వీధిలో అందరికీ చెప్పుకుంటాడు. ఆ మాట నిలబెట్టడానికే రోజుకు మూడు సంతకాలు.

వదిలెయ్ అంది గౌతమి ఒకరోజు. వదిలితే ఇంట్లో ఏం చెప్పాలండీ అన్నాడు. ఆమెకు జవాబు తెలుసు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కానీ ఆ జవాబు చెప్పిన రోజు తన ఇంట్లో పొయ్యి వెలగలేదన్న సంగతీ గుర్తుంది. 

ఆగస్టు రెండో వారం, ఆదివారం. పరీక్షకు పాత పుస్తకాలు కొందామని ఇద్దరూ ఉప్పల్ వెళ్లారు. రింగు రోడ్డు మీది స్కైవాక్ మధ్యలో ఉండగా కుండపోత. కింద బస్సులు, ఆటోలు, నీళ్లు కలిసి ఒకటే రొద. అక్కణ్నుంచి ఆమె పాత ఆఫీసు కనిపిస్తుంది.

"ఏడో అంతస్తు. ఎడమ దిక్కు నుంచి మూడో అద్దం. గదే నా సీటు."

"ఇప్పుడు అక్కడ ఎవరున్నారు?"

"ఎవ్వరు లేరు. సీటు గూడ తీసేసిన్రంట."

అతను వేలితో అద్దాలు లెక్కపెట్టి మూడోదాని దగ్గర ఆగాడు. తర్వాత, "గౌతమీ, మీకొకటి చెప్పాలి," అన్నాడు. మేడమ్ అనలేదు. 

ఆ తేడా ఆమె పట్టుకుంది. అయినా ఊరుకునే రకం కాదు. "వానాగినంక జెప్పు. ఈ లొల్లిల సగం వినవడది. గసొంటి మాట సగం వినొద్దు," అని నవ్వింది.

అరగంటకు వాన ఆగింది. అతను చెప్పలేదు. సిగ్గుపడ్డాడనుకుంది. ఆ వారమంతా కాగితాలు చదువుతూ చదువుతూ మధ్యలో ఊరికే నవ్వుకుంది. తారామణి గమనించి, ఏందమ్మా, వడ్డీ రేట్లు అంత నవ్వొచ్చేటట్టున్నయా అని అడిగింది.

ఆ తర్వాత గొడుగు రోజూ కనిపించలేదు. రెండు రోజులకోసారి, మూడు రోజులకోసారి వచ్చేవాడు. వచ్చినా ఎవర్నీ పిలిచి అమ్మేవాడు కాదు. అడిగితే ఒంట్లో బాగాలేదన్నాడు.

ఆగస్టు ఆఖరి వారంలో ఒక ముసలామె వచ్చింది. లక్ష్మీనర్సమ్మ. చెంగిచెర్లలో ఉంటుంది, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో అంట్లు తోముతుంది. అదే ఫ్యాక్టరీలో పనిచేస్తూ భర్త నిరుడు గుండె ఆగి చనిపోతే వచ్చిన డబ్బులో లక్షా ఇరవై వేలు ఎఫ్‌డీ వేసిందట. ప్లాస్టిక్ సంచిలోంచి బాండు తీసి బల్ల మీద పెట్టింది. పక్కన కవరు పెట్టింది.

"నెలకెంత మిత్తి అస్తదో జర సూసి సెప్పు బిడ్డా. నాకు గదొక్కటె గావాలె."

గౌతమి మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీకి గొంతు నెమ్మదించింది. అది ఎఫ్‌డీ కాదు. ఇన్సూరెన్సు పాలసీ. ఏడాదికి లక్షా ఇరవై వేల చొప్పున పదేళ్లు కట్టాలి. రెండో ఏడాది కట్టకపోతే కట్టినదాంట్లో చాలావరకు పోతుంది. అంట్లు తోమే మనిషి ఏడాది సంపాదనే అంత లేదు.

ఆపకూడదు. అది ఆమె పెట్టుకున్న పద్ధతే. చదువుతూ పోయింది. బాండు చేతికి అందిన ముప్పై రోజుల లోపు వద్దని రాసిస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలని ఏడో పేజీలో ఉంది. పోస్టు కవరు మీద తేదీ చూసింది. ఇవాళ ఇరవై ఎనిమిదో రోజు. ఊపిరి పీల్చుకుంది. ఆఖరి పేజీకి వచ్చింది. అమ్మినవారి పేరు అన్న చోట నోరు ఆగిపోయింది.

"ఏమైంది బిడ్డా? సదువు."

చదివింది. "అనిరుధ్."

జిరాక్స్ మిషన్ ఆగింది. తారామణి ఇటు తిరగలేదు.

కార్డులతో పాటు బ్యాంకు తరఫున పాలసీలు కూడా అమ్ముతున్నాడన్నమాట. ఇది జులై మధ్యలో అమ్మాడు. అంటే ఇక్కడ టీలు తెప్పించిన రోజుల్లో. పసుపు కవర్లు కొనుక్కొచ్చి, ఇద్దరూ బతకాలిగా అన్న వారంలో. ఆమె చదువుతుంటే గొడుగు కింద నిలబడి విని, ఆ చెవులతోనే చెంగిచెర్ల వెళ్లి ఈ ముసలామె చేత వేలిముద్ర వేయించుకున్నాడు. స్కైవాక్ మీద తను నవ్విన నవ్వు గుర్తొచ్చి గౌతమికి తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించింది.

ఫోను చేస్తే ఏమంటాడో వినాలని ఒక్క క్షణం అనిపించింది. రద్దు చేయిస్తే అతని ఉద్యోగం ఉండదనీ తెలుసు. నెలల తరబడి ఉద్యోగం లేకపోవడం ఎట్లా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెల్లకాగితం తీసి, 'అయ్యా, నాకు ఈ పాలసీ వద్దు' అని మొదలుపెట్టింది. తేదీ తప్పు పడి మొదటి కాగితం పాడైంది. రెండోది రాసింది.

మర్నాడు ముసలామెతో కలిసి గౌతమి ఆ పాలసీ అమ్మిన బ్యాంకు ఉప్పల్ బ్రాంచికి వెళ్లింది. మేనేజరు మర్యాదగా కూర్చోమన్నాడు. ఎఫ్‌డీ కంటే ఇది మేలన్నాడు. సిస్టమ్ పనిచేయట్లేదు, సోమవారం రమ్మన్నాడు. సోమవారానికి గడువు దాటుతుంది. గౌతమి కదల్లేదు. కాపీ మీద ఇవాళ్టి తేదీతో ముద్ర వేసిస్తేనే లేస్తానంది. ఆయనకు మర్యాద అయిపోయింది.

"మా వాడు అన్నీ వివరంగా చెప్పే సంతకం తీసుకున్నాడమ్మా. రికార్డుంది. ఏం అనిరుధ్, చెప్పావు కదా?"

అనిరుధ్ మూల టేబుల్ దగ్గర నిలబడి ఉన్నాడు. గౌతమి అటు చూడలేదు. కౌంటర్ల దగ్గర జనం ఇటు తిరిగారు.

"లేదు సర్," అన్నాడు. "ఎఫ్‌డీ అని చెప్పే పెట్టించాను."

ముద్ర పడింది.

అనిరుధ్ మెట్ల దాకా వెంట వచ్చాడు. వాన మొదలైంది. లక్ష్మీనర్సమ్మ కొంగు తల మీద కప్పుకుని ముందుకు నడిచింది. గౌతమి వెనక్కి తిరిగింది.

"ఇయ్యాల నిజం జెప్పినవని మెచ్చుకుంటననుకున్నవా?"

"లేదండీ."

"ఆమె నీకు టార్గెట్ల ఒక నంబరు. మరి నేనేంది నీకు? వాన వడితే నిలవడే జాగనా?"

అతను ఒక మెట్టు దిగాడు. ఆమె ఆగలేదు.

పన్నెండు రోజులు గొడుగు రాలేదు. గొడుగు పాతిన గుంతలో నీళ్లు నిలిచాయి. గౌతమి ఆ గుంత కనిపించకుండా కుర్చీ తిప్పి వేసుకుంది. అయినా ప్రతి ఆరింటికీ తల అటే తిరిగేది.

బల్ల దగ్గర మాత్రం జనం పెరిగారు. క్యాంటీన్ ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు బాండ్లు, లోను పుస్తకాలు, చిట్టీ కాగితాలు పట్టుకుని వచ్చారు. ఒక సాయంత్రం తలెత్తి చూస్తే ఎదురు కుర్చీలో హన్మయ్య కూర్చుని ఉన్నాడు. చేతులకు ఇంకా గ్రీజు ఉంది. పీఎఫ్ కాగితం బల్ల మీద పెట్టి, దాని పక్కన గులాబీ కవరు పెట్టాడు. తారామణి దగ్గర ఐదు రూపాయలిచ్చి కొన్నాడు.

"నాది గూడ జదువు బిడ్డా."

టైమ్ ఆఫీసు సంగతి ఆయన ఎత్తలేదు. ఆమె మొదటి అక్షరం నుంచి చదివింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

చవితికి ఐదు రోజులుందనగా లక్ష్మీనర్సమ్మ వచ్చింది. చిల్లర ఖర్చులు పట్టుకుని మిగతా డబ్బంతా ఖాతాలో పడిందట. చెప్పి, కళ్లు తుడుచుకుని, పోతూ పోతూ ఆగింది.

"గా పిలగాన్ని మరీ తిట్టకు బిడ్డా. ఆయనె మూడుసార్లు మా ఇంటికొచ్చిండు, ఇది ఎఫ్‌డీ గాదు, వాపస్ తీస్కో అని. నేనె నమ్మలె. మొదలు గట్ల జెప్పినోని మాట మల్లెట్ల నమ్మాలె? ఆఖరికి నీ తాన సదివిపిచ్చుకోమన్నడు. కవరు గూడ ఆయనె ఇచ్చిండు."

ఆమె వెళ్లాక గౌతమి సొరుగు లాగింది. గులాబీ కవర్ల కుప్ప అడుగున ఒక్కటి పసుపుపచ్చది. తొమ్మిదీ జులైలోనే అయిపోయాయి. ఇది పదోది. ఆ రోజు అది చూసి కూడా చూడలేదు. ఊళ్లోవాళ్ల కాగితాల్లో చీమల్లాంటి అక్షరాలు పట్టుకునే మనిషి, తన బల్ల మీద పెట్టిన కవరు రంగు పట్టుకోలేకపోయింది. రూపాయి బిళ్ల మూల మీద అట్లాగే ఉంది. చుక్కల గీత మీద పేరు లేదు.

మర్నాడు మధ్యాహ్నం అతను వచ్చాడు. మెడలో ట్యాగు లేదు. గొడుగూ లేదు, నిలువునా తడిసి ఉన్నాడు. ఎప్పుడూ నిలబడే గుమ్మం దగ్గర నిలబడకుండా నేరుగా వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. మడతపెట్టిన కాగితం బల్ల మీద పెట్టాడు.

"నా దగ్గర కవరు లేదండీ. ఉన్నది ఇచ్చేశాను."

గౌతమి కాగితం విప్పి పైకి చదివింది. సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు తక్షణం తొలగిస్తున్నామని, నెల జీతం ఆపుతున్నామని, దీనిపై ఎక్కడా మాట్లాడకూడదని. పేరు, తేదీ, కింద ఎవరిదో గీత. ఏదీ వదల్లేదు. తను మేలో విన్న మాటలే. ఈసారి మైకు మ్యూట్‌లో లేదు, అంతే తేడా. జీతం ఆపే హక్కు వాళ్లకు లేదని, లేబర్ ఆఫీసుకు రాయొచ్చని చెప్పింది. ఇంట్లో చెప్పావా అని అడిగింది.

చెప్పాడట. తండ్రి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తన పెన్షన్ కాగితం తెచ్చి ముందు పడేసి, ఇందులో కూడా ఏమైనా అమ్మావా అని అడిగాడట. చెబుతూ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. చేత్తో రాసిన పేర్లు. పదకొండు.

"ఎఫ్‌డీ అని చెప్పి అమ్మినవి. తొమ్మిదింటికి గడువు దాటిపోయింది. రెండింటికి ఇంకా మూడు రోజులుంది. ఒకటి పీర్జాదిగూడ, ఒకటి లాలాపేట్. వెళ్లానండీ. తలుపు తియ్యలేదు."

"ఎట్ల తీస్తరు?"

"తియ్యరు. మీరు చదివితే వింటారు."

గౌతమి ఆ తొమ్మిది పేర్లనూ వేలితో ఒక్కొక్కటీ తాకుతూ చదివింది. తొమ్మిది ఇళ్లు. ఆ డబ్బును ఇప్పుడు ఒక్క కాగితంతో ఎవరూ వెనక్కి తేలేరు. కొట్లాడొచ్చు, ఫిర్యాదులు రాయొచ్చు, ఏళ్లు పడుతుంది. అతణ్ని క్షమించిందా అంటే లేదు. ఆ తొమ్మిది మందీ క్షమించకుండా తను క్షమించడానికి తనెవరు. కానీ ఆ పట్టీని అతని చేత ఎవరూ రాయించలేదు. తనే రాసుకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఈ తొమ్మిదిండ్లకు గూడ పోవాలె. తిడితే వడాలె. ఏండ్లు వడుతది."

"పడతానండీ."

సొరుగులోంచి పసుపు కవరు తీసి అతని ముందు పెట్టింది. పెన్ను పెట్టింది.

"పేరు రాయలె నువ్వు."

చుక్కల గీత మీద రాశాడు. ఆమె కవరు తీసుకుని సొరుగులో వేయలేదు. తన సంచిలో పెట్టుకుంది. తారామణి తన నల్ల గొడుగు తెచ్చి బల్ల మీద పెట్టి మిషన్ దగ్గరికి వెళ్లిపోయింది.

గుమ్మం దగ్గర గౌతమి ఆగింది.

"స్కైవాక్ మీద జెప్తనన్నది గిదేనా? ముసలామె ముచ్చట?"

"సగం అదే."

"ఇంకో సగం?"

"వానాగాక చెప్పమన్నారుగా."

ఆమె రోడ్డు వైపు చూసింది. ఫ్యాక్టరీ గోడల మీద, టిఫిన్ డబ్బాలతో పరుగెత్తే మనుషుల మీద, నీళ్లు నిండిన ఆ గుంత మీద వాన ఒకే తీరున కురుస్తోంది. ఆగే సూచన ఎక్కడా లేదు.

"ఇది ఆగేతందుకు లేదు," అని గొడుగు విప్పి అతని తల మీదకు కూడా జరిపింది. "నడుసుకుంట జెప్పు. ముందుగాల పీర్జాదిగూడ."